కుళాయిలో చుక్క లేదు, పేజీలో నిండా నీళ్లు

నార్సింగిలో ఒక అపార్ట్‌మెంటు మొత్తాన్ని, అంటే నలభై కుటుంబాలని, ఒకే ఉదయం ముఖాన సబ్బు నురగతో నిలబెట్టింది ఎవరని అడిగితే నేను మొహమాటం లేకుండా చెయ్యెత్తుతాను. పైపులు కొయ్యలేదు, కరెంటు తియ్యలేదు. నేను చేసిందల్లా ఒక సాఫ్ట్‌వేర్‌ని సోర్స్ కోడ్ నుంచి సొంతంగా కంపైల్ చేయడం. ఆ మాట అర్థం కానివాళ్లు కంగారు పడకండి. అప్పట్లో నాకూ పూర్తిగా అర్థం కాలేదు. అర్థమై ఉంటే మీకు చెప్పుకోవడానికి నా దగ్గర ఇవాళ ఏమీ ఉండేది కాదు.

ముందు నా గురించి రెండు ముక్కలు. నా పేరు కరుణ. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సపోర్ట్ ఇంజనీరుని. అంటే ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కడో ఆగిపోతే, 'మా వైపు అంతా బాగానే ఉంది, మీ వైపు ఒకసారి చూసుకోండి' అని మర్యాదగా ఇంగ్లీషులో చెప్పే ఉద్యోగం. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నా కొంప ముంచేది ఇదే. మా ఆయన ప్రభాకర్ గచ్చిబౌలిలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. పెళ్లయిన కొత్తలోనే నార్సింగిలో ఫ్లాటు తీసుకున్నాం. ఇద్దరం ఇల్లు చేరేసరికి ఓపిక ఉండేది కాదు కాబట్టి అన్నం మాత్రం ఇంట్లో వండుకుని, కూరలు గేటు ఎదురుగా ఉన్న కర్రీ పాయింటు నుంచి తెచ్చుకునేవాళ్లం. దూరం నుంచి నన్ను చూడగానే ఆ కొట్టతను పప్పు కవరుకి ముడి వేసేసేవాడు.

ఇంత సుఖంగా సాగుతున్న సంసారంలోకి ఒకరోజు తెనాలి నుంచి మా అత్తయ్య రత్నకుమారిగారు వచ్చారు. ఆవిడ హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. ఆవిడ అడుగు పెడితే మంచం మీద దుప్పటి కూడా దానంతటది సర్దుకుంటుంది. దానికి మించి ఆవిడ మసాలాకి పేరు. తెనాలిలో వాళ్ల సంఘంలో ఎవరింట్లో ప్రార్థన కూడిక పెట్టినా, కోడికూర దించే ముందు చల్లే మసాలా ఆవిడ స్టీలు డబ్బాలోంచే రావాలి. ఆ మసాలా తయారు చేసేటప్పుడు ఆవిడ వంటగది తలుపు మూసేసుకుంటారు. కన్నకొడుక్కి కూడా లోపలికి ప్రవేశం లేదు. 'మా అమ్మ చేత్తో దంచిన మసాలా' అని ప్రభాకర్ చెప్పేటప్పుడు అతని కళ్లల్లో భక్తి కనిపించేది.

అలాంటి మనిషి మా ఫ్రిజ్ తలుపు తీశారు. లోపల ముళ్లు వేసిన కవర్లు వరసగా ఉన్నాయి.

"ఏంటమ్మాయ్, ల్యాబుకి పంపే శాంపిళ్లలాగా పెట్టావు?"

"కర్రీ పాయింటు కూరలండి అత్తయ్యా. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు."

"సరేలే. ఈ కాలం పిల్లలకి ఏదైనా మొదటి నుంచి చేత్తో చేసుకోవడం ఎక్కడ తెలుసు. అన్నీ రెడీమేడ్."

కోపంగా అన్నది కాదు. రోగికి జ్వరం ఎంతుందో చెప్పినంత మామూలుగా అన్నారు. అందుకే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఆవిడ ఊరెళ్లిపోయాక కూడా ఆ 'రెడీమేడ్' నా చెవిలోంచి పోలేదు.

మే నెలలో ఒక శనివారం మా కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నాం. బోరబండ నుంచి పాస్టరయ్యగారూ, సంఘం వాళ్లూ, చుట్టాలూ వస్తారు. భోజనాలకి కేటరింగు చెబుదామంటే అత్తయ్య ఫోన్లోనే కొట్టిపారేశారు. "నేనొచ్చి వండుతా. నువ్వు ఉల్లిపాయలు తరుగు చాలు." నేను ఉల్లిపాయల దగ్గరే ఆగిపోయే కోడలినన్నమాట. ఆ రోజు నలుగురిలో ఆవిడ నోటి నుంచి 'మా కోడలు పనిమంతురాలు' అన్న ఒక్క మాట వినాలని నాకు పంతం పుట్టింది. వంటతో అది జరిగే పని కాదని నాకు తెలుసు. ఇంకో దారి వెతుక్కోవాలి. ఆ దారి మా బిల్డింగు మీటర్ల గదిలో దొరికింది.

ఇక్కడ మా నీళ్ల సంగతి చెప్పాలి. ఎండాకాలం బోరు ఎండిపోతుంది. ట్యాంకరు వచ్చి కింద సంపు నింపి వెళుతుంది. సంపులో నీళ్లు టెర్రస్ మీది ట్యాంకుకి ఎక్కాలంటే మోటారు వెయ్యాలి. ఆ మోటారు స్విచ్చి కింది ఫ్లాటులో ఉండే మల్లేశం సార్ గుమ్మం పక్కన ఉంది. ఆయన మా అసోసియేషన్ సెక్రెటరీ. సిద్దిపేటలో జువాలజీ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఒకప్పుడు ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయో చూడ్డానికి ఆయన లిఫ్టు దిగి ఇనప నిచ్చెన ఎక్కేవారు, మోకాళ్లు అరిగిపోయాయి. అది చూడలేక, మా పై ఫ్లాటులో అద్దెకున్న ఒక కుర్ర ఇంజనీరు ట్యాంకులో సెన్సరు పెట్టి, మీటర్ల గదిలో సబ్బుపెట్టెంత కంప్యూటరు బిగించి, బెంగళూరులో ఉద్యోగం రావడంతో వెళ్లిపోయాడు. ఫోన్లో ఒక పేజీ తెరిస్తే ట్యాంకు ఎంత శాతం ఉందో కనిపిస్తుంది. తగ్గితే సార్ మోటారు వేస్తారు, నిండితే ఆపేస్తారు. ఆయన మోకాళ్లకి అంతకంటే మంచి మందు ఏ డాక్టరూ ఇవ్వలేదు.

బాధల్లా ఒక్కటే. పేజీ నత్తనడక. నలభై ఇళ్లలో ఉన్నదంతా సాఫ్ట్‌వేర్ జనం. నీళ్లు అవసరమైనా కాకపోయినా, పేజీ ఉంది కాబట్టి రోజంతా తెరిచి చూస్తూ ఉంటారు. ఆ చిన్న పెట్టె ఎందరికని చెప్తుంది. ఒక ఆదివారం పార్కింగులో అసోసియేషన్ మీటింగు జరిగింది.

"పేజీ తెరుసుకునేవరకు నా చాయ్ సల్లగైతుంది," అన్నారు మల్లేశం సార్. "గింతమంది సాఫ్ట్‌వేరోళ్లున్నరు. ఒక్కలు గూడ దీన్ని సక్కజెయ్యరా?"

ఒక్కలు కూడా తలెత్తలేదు. అందరూ ఫోన్లు చూసుకున్నారు, బహుశా ఆ పేజీనే. నేను చెయ్యెత్తాను.

"నేను చేస్తాను సార్. ఆ పేజీని అందించే వెబ్ సర్వర్ పాతబడిపోయింది. కొత్తది పెడితే సరిపోతుంది."

"గట్లనే. మా అల్లుడు గూడ జెప్పిండు, ఒక్క కమాండు గొడితే రెడీమేడ్‌ది దానంతటదే ఎక్కుతదని."

ఆ మాట అనకపోయినా బాగుండేది.

"రెడీమేడ్ వద్దు సార్. సోర్స్ కోడ్ తెచ్చి నేనే మొదటి నుంచి కంపైల్ చేస్తాను."

"అంటే ఏందమ్మా?"

"కర్రీ పాయింటులో కూర కొనుక్కోవడానికీ, కూరగాయలు తెచ్చి మనమే వండుకోవడానికీ ఉన్నంత తేడా సార్."

మా ఆయనకి ఎందుకో అప్పుడే దగ్గు వచ్చింది. వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. నేను పట్టించుకోలేదు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. వెబ్ సర్వర్ అంటే హోటల్లో సర్వర్ లాంటిదే. ఫోన్లోంచి మీరు ఏ పేజీ అడిగితే అది తెచ్చి మీ ముందు పెడుతుంది. దాన్ని ప్రపంచంలో ఎవరెవరో ఊరికే రాసి, సోర్స్ కోడ్ అందరికీ తెరిచి పెట్టారు. ఎవరైనా తెచ్చుకోవచ్చు. కావాల్సిన భాగాలు ఉంచుకుని అక్కర్లేనివి తీసేసి, తమ యంత్రానికి సరిపడా తయారు చేసుకోవచ్చు. దాన్నే కంపైల్ చేయడం అంటారు. బుద్ధిమంతులు రెడీమేడ్‌గా దొరికేది ఒక్క కమాండుతో ఎక్కించుకుని తమ పని తాము చూసుకుంటారు.

ప్రార్థనకి ముందు రోజు శుక్రవారం. ఇంటి నుంచే పని అని ఆఫీసులో చెప్పి, ల్యాప్‌టాప్ పట్టుకుని మీటర్ల గదిలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. సోర్స్ కోడ్ దించాను. మొదటి అడుగులోనే అది మొరాయించింది. ఫలానా లైబ్రరీ లేదు, అది ఉంటే గానీ ముందుకి పోను అంది. ఆ లైబ్రరీ కూడా రెడీమేడ్‌గా దొరుకుతుంది. పట్టినది పంతం కదా, దాని సోర్స్ కోడూ తెచ్చి కంపైల్‌కి పెట్టాను. దానికి ఇంకోటి లేదంది. అదీ తెచ్చాను.

వేసవి సెలవుల్లో ఉన్న ప్రభాకర్ మజ్జిగ పట్టుకొచ్చి కాసేపు చూశాడు.

"ఎంతవరకు వచ్చింది?"

"మసాలా దినుసుల దగ్గరున్నాను."

"ఉప్పు సంగతేంటి? బాపట్ల వెళ్లి సముద్రంలోంచి తెస్తావా?"

మజ్జిగ తాగి గ్లాసు చేతికిచ్చాను.

అసలు సర్వర్ వంతు వచ్చింది. ఈ భాగం ఉంచాలా, ఆ భాగం తీసేయాలా అని పెద్ద చిట్టా. పాఠకులారా, నా పతనం ఇక్కడ మొదలైంది. నాకు తెలిసిన భాగాలన్నీ ఉంచాను. తెలియని భాగాలన్నీ ఎవరికీ అక్కర్లేనివని తీర్మానించి తీసేశాను. అలా తీసేసిన వాటిలో ఒకటి, వేరే ప్రోగ్రాం దగ్గరికి వెళ్లి జవాబు అడిగి తెచ్చే భాగం. మా బిల్డింగుకి ఉన్నదే ఒక్క పేజీ, అది ఎవరిని ఏమడగాలి అనుకున్నాను. అడగాల్సింది సెన్సరునే అని తట్టలేదు. ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో ఆ పేజీ నిమిషనిమిషానికి సెన్సరుని అడిగి తెలుసుకుంటోంది మరి.

ఆ చిన్న పెట్టె మీద కంపైల్ నడుస్తూనే ఉంది. స్క్రీను నిండా అక్షరాలు పారుతున్నాయి. పెట్టె కాలిపోతుంటే ఇంట్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి దాని ముందు పెట్టాను. అటుగా వచ్చిన మల్లేశం సార్ తొంగి చూశారు.

"దానికి జరమొచ్చిందా బిడ్డా?"

"ఉడుకుతోంది సార్. ఇంకాసేపట్లో దించేస్తాను."

సాయంత్రానికి ఒక్క తప్పు లేకుండా పూర్తయింది. నా జీవితంలో మొదటిసారి ఒక సాఫ్ట్‌వేర్ నా చేతుల్లో పుట్టింది. కళ్లు చెమ్మగిల్లాయంటే నవ్వకండి. సర్వర్ నడిపించి పేజీ తెరిచాను. శాతం ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. ఎందుకో అర్థం కాలేదు. కనీసం వేగం ఎలా ఉందో చూద్దామని, ఉదయం ల్యాప్‌టాప్‌లో దాచుకున్న పేజీ కాపీ ఒకటి ఉంటే దాన్ని అక్కడ పెట్టాను. కాసేపటికే, తాత్కాలికంగా. ఆ ఉదయం సార్ ట్యాంకు అప్పుడే నింపారు కాబట్టి కాపీలో వంద శాతం అని ఉంది. తెరిస్తే రెప్పపాటులో వచ్చింది. రాక ఏం చేస్తుంది, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదాయె.

ఆ ఖాళీ సంగతి చూద్దామని మళ్లీ స్టూలు మీద కూర్చున్నానో లేదో, గేటు దగ్గర క్యాబు ఆగింది. అత్తయ్య రెండు సంచులతో దిగారు. ల్యాప్‌టాప్ మూసి పరిగెత్తాను. ఇంక ఆ పేజీ నా బుర్రలోంచి సాఫీగా జారిపోయింది.

ఇంట్లో ఆవిడకి కాఫీ ఇస్తుండగా సార్ నుంచి ఫోను. స్పీకరులో పెట్టాను. కావాలనే పెట్టాను, దాచడమెందుకు.

"కరుణమ్మా, జబర్దస్త్‌గున్నది. ఏలు పెట్టకముందే తెరుసుకుంటుంది. నువ్వు బంగారం బిడ్డా."

అత్తయ్య కాఫీ గ్లాసు పెదవుల దగ్గర ఆపి నన్ను చూశారు. "ఏంటది?"

"మా నీళ్ల పేజీకి సర్వరండి అత్తయ్యా. మొదటి నుంచి నేనే చేశాను. రెడీమేడ్ కాదు."

"అలాగా. మంచిదే," అన్నారు. ఆవిడ 'మంచిదే' అంటే పక్కవాళ్లు పది చప్పట్లు కొట్టినట్టు. నేను ఆ రాత్రి కమ్మగా నిద్రపోయాను.

శనివారం తెల్లారింది. నలభై ఇళ్లలో స్నానాలు, వారం రోజుల బట్టలు, కార్లు కడగడాలు. మా వంటగదిలో అత్తయ్య కోడిమాంసం గిన్నె ముందు పెట్టుకుని కుళాయి తిప్పారు. అది నాగుపాములా బుస కొట్టి ఊరుకుంది.

"అమ్మాయ్, నీళ్లు రావట్లేదు."

ఫోన్ తీసి చూశాను. వంద శాతం. "ఉన్నాయండి అత్తయ్యా. ట్యాంకు నిండుగా ఉంది."

"కుళాయిలో లేవు."

"పేజీలో ఉన్నాయండి."

ఆవిడ నా వైపు చూసిన చూపులో, నాకు నాడి చూడాలా అన్న ప్రశ్న ఉంది. ఇంతలో బాత్రూములోంచి ప్రభాకర్ సగం ముఖం నురగతో, నడుముకి తువ్వాలుతో వచ్చాడు.

"కరుణా, నీళ్లు."

"ఉన్నాయి."

"ఎక్కడ?"

ఫోను చూపించాను.

"దీంతో ముఖం కడుక్కోమంటావా?"

ఇప్పుడు చెప్పబోయేది ఇంకెక్కడా జరగదు. మా ఊళ్లోనే జరుగుతుంది, మా సాఫ్ట్‌వేర్ జాతికే జరుగుతుంది. నాలుగో అంతస్తు వాళ్లు వాట్సాప్ గ్రూపులో రాశారు: 'మా ఇంట్లో నీళ్లు రావట్లేదు, ఎవరికైనా ఇలా ఉందా?' ఇంకెవరైనా జవాబిచ్చేలోపే, వృత్తిధర్మం చొప్పున నా వేళ్లు వాటంతటవే కదిలాయి. 'మా వైపు అంతా బాగానే ఉంది. ట్యాంకు వంద శాతం. మీ వైపు ఒకసారి చూసుకోండి.' కింద పేజీ ఫోటో కూడా పెట్టాను.

అంతే, గ్రూపు నిశ్శబ్దమైపోయింది. నలభై ఇళ్లలో కుళాయిలన్నీ ఎండిపోయాయి. నలభై ఇళ్లవాళ్లూ పేజీ చూశారు. పేజీ అబద్ధం చెప్పదు కాబట్టి తమ కుళాయే చెడిపోయిందని ఎవరికి వారు నమ్మారు. నలుగురిలో మాట పడటమెందుకని ఎవరికి వారు గుట్టుగా ఫోన్లో ప్లంబర్ని బుక్ చేసుకున్నారు. సర్వర్ తయారు చేసిన మహాతల్లిని నేను కూడా బుక్ చేశాను.

సంపులోంచి నీళ్లు తెద్దామని నేను బిందె పట్టుకుని కిందికి వెళ్లేసరికి గేటు దగ్గర ప్లంబర్ల తిరునాళ్ల. భుజాన సంచులు, చేతుల్లో రెంచీలు. ఎవరిని ఏ ఫ్లాటుకి పంపాలో తెలియక సెక్యూరిటీ అన్న తల పట్టుకున్నాడు.

"అన్నా, ఇంతమందిని పిలిచిన్రంటే ఏమన్న పోటీలు పెట్టిన్రా?" అని ఒక ప్లంబరు ఇంకొకణ్ణి అడుగుతున్నాడు.

నేను బిందె అక్కడే దించి పైకి పరిగెత్తాను. ఇంట్లో అత్తయ్య తాగే నీళ్ల క్యాను వంక చూస్తున్నారు. దాంతో బియ్యం కడగాలా, మాంసం కడగాలా అని లెక్క వేస్తున్నారు.

"పాస్టరయ్యగారొచ్చేసరికి కూర పొయ్యి మీద ఉండాలమ్మాయ్. మా ఆసుపత్రిలో ఆపరేషన్ వేళ నీళ్లు ఆగిపోతే ఏం చేసేవాళ్లమో తెలుసా?"

"ఏం చేసేవాళ్లండి?"

"ఎవరి వల్ల ఆగిపోయాయో కనుక్కుని నోటితో కడిగేసేవాళ్లం. దానికి నీళ్లక్కర్లేదు."

మళ్లీ కిందికి పరిగెత్తాను. గుమ్మం ముందు మల్లేశం సార్ ఫోను పట్టుకుని పరేషాన్‌గా నిలబడి ఉన్నారు. చుట్టూ ప్లంబర్లు.

"కరుణమ్మా, ఒక ముచ్చట జెప్పు. పొద్దుగాల సంది అందరు తానాలు జేసిండ్రు, బట్టలు పిండిండ్రు. ట్యాంకు ఒక్క శాతం గూడ తగ్గలే. గిది ట్యాంకా, అక్షయపాత్రా?"

మీటర్ల గది, స్టూలు, కాసేపటికే అని పెట్టిన ఆ కాపీ, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"సార్, మోటారు ఎప్పుడు వేశారు?"

"నిన్న పొద్దున. నిండుగున్నదని సూపిస్తుంటే మల్ల ఎందుకేస్త?"

"సార్... అది నిన్నటి పేజీ."

"నిన్నటిదా?"

"వేగం చూద్దామని పాత కాపీ పెట్టాను. తీయడం మర్చిపోయాను. అది సెన్సరుతో మాట్లాడట్లేదు సార్."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ప్లంబర్లందరూ నా వైపు తిరిగారు.

"నిన్నటి పేపరు చేతికిచ్చి ఇయ్యాల్టి వార్తలని సదివిపిచ్చినవా బిడ్డా?"

నాకు నేల చీలితే బాగుండనిపించింది. సార్ వెంటనే స్విచ్చి నొక్కారు. సంపు నిండా ట్యాంకరు నీళ్లు ఉన్నాయి కాబట్టి మోటారు గుర్రుమని మొదలైంది. ఏ పాటా నా చెవికి అంత హాయిగా వినిపించలేదు. కాసేపటికి పై అంతస్తుల్లో ఒక్కో బాత్రూములోంచి ఒక్కో నిట్టూర్పు వినిపించింది.

ఇక్కడితో ఆగి ఉంటే మనిషినయ్యేదాన్ని. ఆ వంద శాతాన్ని ఇంకెవరూ నమ్మి మోసపోకూడదని, మీటర్ల గదిలోకి పరిగెత్తి, పేజీలో వంద కొట్టేసి నా చేత్తో సున్నా అని రాశాను. మళ్లీ కంపైల్ చేసే తీరిక లేదు, ప్రార్థన అయ్యాక చూద్దామనుకున్నాను. ఈ సున్నా సంగతి సార్‌కి చెప్పాలి కదా అనుకునేలోపే బోరబండ నుంచి వ్యాను వచ్చేసింది. అందరికీ దణ్ణాలు పెడుతూ పైకి వెళ్లిపోయాను. పాపం, ఆ ప్లంబర్లని భోంచేసి వెళ్లమని చెప్పాను. తిప్పి పంపడానికి నాకు ముఖం చెల్లలేదు.

నీళ్లు వచ్చాయి. అత్తయ్య చేతులు యంత్రంలా పనిచేశాయి. పాస్టరయ్యగారు కుర్చీలో కూర్చునేసరికి కూర పొయ్యి మీద ఉంది. భోజనాలకి కింద పార్కింగు పక్కన ఆరుబయట బల్లలు వేసి, కంచాలు పేర్చి పెట్టారు. హాల్లో అందరూ చాపల మీద సర్దుకున్నారు. మల్లేశం సార్‌ని కూడా పిలిచాం. ఆయన సోఫా చివర వినయంగా కూర్చున్నారు, చేతిలో ఫోను.

పాటలయ్యాయి. వాక్యం అయింది. పాస్టరయ్యగారు మా ఇద్దరినీ మోకాళ్ల మీద కూర్చోమని, చెరో చెయ్యి మా తలల మీద పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన చెయ్యి బరువైనది, ప్రార్థన పొడుగైనది. అంతలో నా వెనక నుంచి గుసగుస.

"బిడ్డా, ఇంక సున్నానే ఉన్నది."

మల్లేశం సార్ ఇంకా ఆ పేజీనే చూస్తున్నారు. సున్నా నుంచి పెరుగుతుందేమోనని ఎదురుచూస్తూ మోటారు ఆపకుండా ఉంచారు.

లేవబోయాను. తల మీద చెయ్యి లేవనివ్వలేదు.

"అయ్యగారూ," అన్నాను గొంతు వణుకుతుంటే.

నా భక్తికి ఆయన కరిగిపోయారు. ఇంకాస్త గట్టిగా అదిమి, గొంతు పెంచారు. "ఈ ఇంటి మీద దీవెనలు పై నుంచి కుమ్మరించు తండ్రీ. ఈ గృహం పట్టనంతగా పొంగి పొర్లనివ్వు తండ్రీ."

అప్పుడే మా బాల్కనీ అవతల టెర్రస్ అంచు నుంచి తెల్లటి నీళ్లు ధారగా దిగాయి. చప్పుడు విని ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. కింద ప్లంబరు ఎవరో "పొర్లుతుంది సార్, బంద్ జెయ్యుండ్రి," అని కేకేశాడు. మల్లేశం సార్ లేచి నిలబడ్డారు.

"జర ఆమెన్ జెప్పుండ్రి అయ్యగారూ. నేను మోటరు బంద్ జేసొస్త."

"ఆమెన్," అన్నారు పాస్టరయ్యగారు, కళ్లు తెరవకుండానే.

నీళ్లు నేరుగా భోజనాల బల్లల మీద పడ్డాయి. కంచాలన్నీ మెరిసిపోయేలా కడిగినట్టయింది. తడిసిన ప్లంబర్లు ఆ మే నెల ఎండలో పిల్లల్లా నవ్వుకుంటూ బల్లలు నీడలోకి లాగుతున్నారు. బంధువులంతా బాల్కనీకి పరిగెత్తి ఫోటోలు తీసుకున్నారు. ప్రభాకర్ మాత్రం నన్ను చూసి నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. పనికిమాలిన జోకు ఒకటి మింగేశాడని తెలిసి, ఆ క్షణంలో అతని మీద నిజంగా ప్రేమ కలిగింది.

ఎవరికీ ముఖం చూపించలేక వంటగది వైపు వెళ్లాను. అత్తయ్య కాళ్ల మీద పడి క్షమించమందామనుకున్నాను. తలుపు మూసి ఉంది. ఏడుపులో ఆ నియమం గుర్తుకు రాక తోసేశాను.

అత్తయ్య పొయ్యి దగ్గర నిలబడి ఉన్నారు. ఒక చేతిలో కత్తెర. ఇంకో చేతిలో మసాలా ప్యాకెట్టు. దాని మూల కత్తిరించి స్టీలు డబ్బాలోకి వంపుతున్నారు. గట్టు మీద ఖాళీ ప్యాకెట్లు ఇంకొన్ని పడి ఉన్నాయి.

"తలుపు వెయ్యి," అన్నారు.

వేశాను.

"ఇదేంటండి అత్తయ్యా?"

"కనిపించట్లేదా? గరం మసాలా."

"మీరు దంచుతారని అందరూ..."

"నైట్ డ్యూటీలు చేసిన మనిషికి దంచే తీరికెక్కడిది? ప్రభాకర్ పుట్టినప్పటి నుంచీ కొట్లోదే. డబ్బాలో పోశాక ఎవరడుగుతారు?"

"మరి నన్ను రెడీమేడ్ అన్నారు కదండి?"

"అన్నాను. నన్ను ఎవరూ అనకుండా ఉండాలంటే ముందు నేను ఇంకొకర్ని అనాలిగా." ప్యాకెట్టు అడుగు తట్టి చివరి పొడి కూడా డబ్బాలోకి దులిపారు. "ముప్పై ఏళ్లకి పైగా ఒక్కరికి తెలియకుండా నెట్టుకొచ్చాను. నువ్వు పాత పేజీ పెట్టి ఒక్క పూట దాచలేకపోయావు. ఇందులో నువ్వు నేర్చుకోవాల్సింది చాలా ఉంది."

నాకు నవ్వు వచ్చింది. ఏడుపు మధ్యలో వచ్చిన నవ్వు కదా, ఆగలేదు. ఆవిడ గరిటెతో నా నోరు మూయబోయి, తనూ గట్టు పట్టుకుని నవ్వారు. ఖాళీ ప్యాకెట్లు మడిచి నా చేతిలో పెట్టారు. నేను వాటిని చీర కుచ్చిళ్లలో దోపుకున్నాను.

భోజనాల దగ్గర పాస్టరయ్యగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. "రత్నకుమారమ్మగారూ, చేత్తో దంచిన మసాలా వాసనే వేరమ్మా."

"నాదేముందండి," అన్నారు అత్తయ్య, ముఖంలో ఒక్క గీత కదలకుండా. "అంతా మా కోడలు పక్కనుండి చేయించింది. పనిమంతురాలు."

ఆ మాట వినాలని నేను ఎంత ఎదురుచూశానో మీకు తెలుసు. కుచ్చిళ్లలో ప్యాకెట్లు చప్పుడు కాకుండా ఊపిరి బిగబట్టి విన్నాను.

ఆ సాయంత్రమే రెడీమేడ్ వెబ్ సర్వర్‌ని ఒక్క కమాండుతో ఎక్కించాను. ఇవాళ్టికీ ఆ పెట్టె మీద అదే నడుస్తోంది, సెన్సరుతో కబుర్లు చెబుతూ. మల్లేశం సార్ మాత్రం మోటారు వేసే ముందు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి, "బిడ్డా, గిది ఇయ్యాల్టిదేనా?" అని అడుగుతారు. నేను కుళాయి తిప్పి చూసి జవాబు చెబుతాను.

కాబట్టి చదువరులారా, ఆ స్టీలు డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఒక్క కమాండుతో అయ్యే పనికి జన్మలో సోర్స్ కోడ్ జోలికి వెళ్లను. కుళాయిలో లేని నీళ్లని ఫోన్లో చూపించను. మా వైపు అంతా బాగానే ఉందన్న మాట ఆఫీసు గేటు దాటి బయటికి తేను. మూసిన వంటగది తలుపు తట్టకుండా తొయ్యను. ఇదంతా రాయొచ్చా అని అత్తయ్యని అడిగితే, ఆవిడ కాసేపు ఆలోచించి, "రాసుకో. తెనాలిలో ఎవరైనా అడిగితే మాత్రం నా వైపు అంతా బాగానే ఉందని చెప్తాను," అన్నారు.